సంతకం సరిపోలలేదు

మధ్యాహ్నం. బోర్డులు రాసే ఆయన ఇంటి ముందుగది. ఆయన, పరిశోధన చేసే అమ్మాయి.

"ముందు ఆ మిషను ఆపు."

"ఆపేశానండీ."

"ఎర్ర లైటు వెలుగుతోంది ఇంకా."

"అది చార్జింగు లైటు. రికార్డు అవ్వట్లేదు. కావాలంటే మీ దగ్గరే పెట్టుకోండి."

"నాకెందుకు. ఆ కుర్చీలో కూర్చోకు. ఇటు, ఈ స్టూలు మీద."

"కుర్చీ ఖాళీగానే ఉంది కదా, బాబాయిగారూ?"

"ఖాళీగా ఉంటే ఎవరైనా కూర్చోవచ్చా? అయినా బాబాయి ఏంటి? మనకేం చుట్టరికం?"

"పోనీ పెయింటరుగారూ అననా?"

"అను. నువ్వు పంపిన కాగితాలు చదివాను. మూడో పేజీలో ఒక లైనుంది. అది కొట్టెయ్యి."

"ఏ లైను?"

"తెలియనట్టు అడక్కు. 'అంబులెన్సును పెద్దాసుపత్రికి తరలించే తీర్మానానికి కమిటీలోని మహిళా ప్రతినిధి సమ్మతించారు.' ఆ ప్రతినిధి మా ఆవిడ."

"తెలుసండీ. అందుకే పేరు రాయలేదు."

"పేరెందుకు? మన ఆసుపత్రి కమిటీలో ఉన్న ఆడమనిషి తనొక్కతే. వీధి చివర ఎవర్నడిగినా చెప్తారు. ఆ బండి ఇక్కడుంటే తను బతికేది. రెండు గంటల నలభై నిమిషాలు ఊపిరి కోసం కొట్టుకుంది. ఈ గదిలోనే. నువ్వు సంచి పెట్టావు చూడు, అక్కడ."

"అయ్యో. తీస్తాను."

"ఉంచు. తీస్తే ఏమొస్తుంది. నలభై కిలోమీటర్ల నుంచి రావాలి బండి. వచ్చింది. తను పోయాక వచ్చింది. ఇప్పుడు నువ్వు పుస్తకంలో అచ్చేస్తావు, ఆ బండిని సాగనంపింది తనేనని."

"అలా రాయలేదండీ. సమ్మతించారని రాశాను. మినిట్సు పుస్తకంలో సంతకం ఉంది."

"ఉంటే?"

"పధ్నాలుగు మీటింగులు జరిగాయి. పధ్నాలుగింటికీ ఆవిడ సంతకం ఉంది. డాక్టరుగారే మూడింటికి రాలేదు. ఉన్నదాన్ని లేదని ఎలా రాయను?"

"మీ పెద్దసారు తీసెయ్యమంటే? చెప్పు. పుస్తకం మీద పేరు ఎవరిది? నీదా, ఆయనదా?"

"ముందు ఆయనది. తర్వాత నాది."

"ఈ ఎండలో తిరిగింది?"

"నేనే."

"మరి నీ చదువు దేని మీదన్నావు? మళ్ళీ చెప్పు."

"ఆరోగ్య వ్యవస్థలో అధికారం ఎవరి చేతిలో ఉంటుందని. ఆసుపత్రి గురించి ఏదైనా తేల్చేటప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట చెల్లదు అని."

"దానికి ఇంత దూరం రావాలా? మీ సారు గది బయట నిలబడితే తెలిసేది."

"మీరే నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నారు."

"ఈ ఇంట్లో మనిషి కూర్చుని మాట్లాడి తొమ్మిది రోజులైంది. దొరికావు, చేస్తాను. టీ తాగుతావా? గ్లాసు ఒకటే ఉంది కడిగింది."

"మీరు తాగండి."

"ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం దేనికి. వద్దులే."

"పెయింటరుగారూ, ఒక పని చేద్దాం. ఆ లైను ఊరికే కొట్టెయ్యలేను. కానీ ఆవిడని బెదిరించారనో, చదవనివ్వకుండా సంతకం చేయించారనో మీరు చెబితే, అది రాస్తాను. అప్పుడు చదివినవాళ్ళు ఆవిడని తప్పుపట్టరు."

"నేను చెబితే నమ్ముతారా?"

"వివరంగా చెబితే నమ్ముతారు. ఇదిగో తెల్లకాగితం. బండిని తీసేసిన మీటింగు, అంటే పదోది. గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో గీయండి. కమిటీలో అందరి చేతా గీయించాను."

"నా చేత బొమ్మలు గీయిస్తావా? నలభై ఏళ్ళు బోర్డులు రాశాను. ఆ ఆసుపత్రి మీద అక్షరాలన్నీ నావే. 'ప్రసూతి విభాగం' అని అంత గుండ్రంగా ఎవడినైనా రాయమను."

"చూశాను. చాలా బావుంది."

"బావుండక. కాన్పు చేసేవాళ్ళే లేరు లోపల. బోర్డు మాత్రం దివ్యంగా ఉంది."

"గీయండి."

"ఇదీ బల్ల. ఇక్కడ ఛైర్మను, ఫ్యాను కింద. ఆయన పక్కన డాక్టరు. కూర్చోగానే బల్ల కింద చెప్పులు విడిచేసి, ఈ కాలితో ఆ కాలు గోక్కుంటాడు. ఇటు గుమాస్తా. మీటింగు మొదలుకాకముందే తీర్మానం రాసి తెచ్చుకుంటాడు, కింద సంతకాలకి గళ్ళు కొట్టి, గడి మీద పేర్లు రాసి. ఇక్కడ మందులు సరఫరా చేసేవాడు. వాడు కమిటీలో లేడు. అయినా వాడి కుర్చీ బల్ల దగ్గరే."

"ఆవిడ?"

"ఇక్కడ. తలుపు దగ్గర. ఎవరు లోపలికొచ్చినా లేచి కుర్చీ జరపాలి. అలాంటి చోటు."

"బండి మాట ఎవరెత్తారు?"

"ఛైర్మను. 'ఇక్కడ నెలకి నాలుగు కేసులు కూడా రావట్లేదు, అక్కడ రోజుకి నాలుగు' అన్నాడు. డాక్టరు తలూపాడు. ఛైర్మను తుమ్మినా ఊపుతాడు వాడు. గుమాస్తా 'అందరికీ సమ్మతమే కదా' అని పుస్తకం తిప్పాడు. అంతే. టీ వచ్చింది."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"టీ వచ్చిందంటున్నాను కదా. ఛైర్మనుకీ డాక్టరుకీ ఎప్పుడూ కప్పూ సాసరూ. మిగతావాళ్ళకి ఉత్త గ్లాసు. ఆ రోజు తలుపు దగ్గర కుర్చీకి కూడా సాసరుతో ఇచ్చారు. అదే మొదటిసారి."

"మీరెక్కడ కూర్చున్నారు?"

"నేనా? నేను కమిటీలో లేను కదా."

"ఇవన్నీ ఎలా తెలిశాయని."

"బయట ఉన్నాను. వరండాలో. తనని దింపడానికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాను."

"తలుపు మూసి జరుపుతారట కదా. గుమాస్తా చెప్పాడు."

"కిటికీ ఉంది."

"కిటికీలోంచి బల్ల కింద డాక్టరుగారి చెప్పులు కనిపించాయా?"

"తను చెప్పింది."

"సాసరు సంగతి?"

"అదీ తనే చెప్పింది. ఏంటి, పోలీసులా అడుగుతున్నావు?"

"కాదండీ. ఒక్కటే వింతగా ఉంది. మిగతావాళ్ళంతా గీసిన బొమ్మల్లో తలుపు దగ్గర కుర్చీయే లేదు."

"నన్ను వెయ్యలేదా?"

"మిమ్మల్నా?"

"తనని. తనని వెయ్యలేదా అంటున్నాను."

"వెయ్యలేదు. మందులాయన్ని అందరూ వేశారు. ఆ కుర్చీని ఒక్కరూ వెయ్యలేదు."

"దొంగ వెధవలు."

"అందుకే నాకు ఆవిడ మాట కావాలి. ఇంత తిరిగినా ఆవిడ నోటి మాట ఒక్కటి దొరకలేదు. ఇంటికొచ్చి ఏం చెప్పేవారు? ఏమైనా రాసిపెట్టారా?"

"రాసింది. ఒక నోటుపుస్తకం ఉంది. నీకు పనికిరాదు."

"ఎందుకని?"

"అందులో మాటల్లేవు. తన పేరే. పేజీల నిండా తన పేరే రాసుకుంది. చివరి నాలుగు నెలలూ అదే పని. ఊపిరి సరిగ్గా అందకపోతే మెదడు కూడా దెబ్బతింటుందన్నాడు డాక్టరు. 'సొంత పేరు మర్చిపోతావనా' అని అడిగాను ఒకసారి. తలెత్తకుండా రాసుకుంటూనే ఉంది."

"అక్కా! గేటు వేసుందేంటండీ? అక్క ఉందా? పాపకి గౌను కుట్టించాలి!"

"లేదు."

"ఎప్పుడొస్తుందండీ?"

"రాదు. పో."

"బయట బోర్డుంది కదండీ, 'బట్టలు కుట్టబడును' అని?"

"బోర్డుంటే? పొమ్మన్నానా! నువ్వు, ఆ స్టూలు మీంచి అలా చూడకు నన్ను."

"పాపం, ఆ వచ్చినావిడకి తెలిసినట్టు లేదు. ఆ బోర్డు తీసెయ్యచ్చు కదా?"

"మేకులు తుప్పు పట్టాయి. రావట్లేదు."

"మీ వెనకాలే పట్టకారు వేలాడుతోంది."

"అన్నీ కనిపిస్తాయి నీకు. తీసేస్తే ఆ గేటు కొట్టేవాళ్ళు కూడా ఉండరు. చాలా? రాసుకుంటావా ఇది కూడా?"

"రాసుకోను."

"ఈ వీధిలో వాళ్ళు గేటు ముందు నుంచి పోతారు, తల తిప్పరు. వాళ్ళకి మళ్ళీ అంబులెన్సు తెచ్చిపెట్టింది ఎవరు? నేను. తను పోయాక, ఫోటో పట్టుకుని ఆసుపత్రుల పెద్దాఫీసు ముందు మూడు రోజులు కూర్చున్నాను. గొంతు పోయేదాకా అరిచాను. వారం తిరక్కుండా బండి వచ్చి నిలబడింది. శవం లేస్తే కానీ కదలరు వాళ్ళు. అది రాయి నీ పుస్తకంలో."

"పెయింటరుగారూ."

"ఏంటి?"

"ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"ఏ కుర్చీ?"

"తలుపు దగ్గరది. మిషను ఆపే ఉంది."

"నేనే."

"పదో మీటింగులో?"

"పదోదేంటి, అన్నిట్లోనూ. కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని రూలొచ్చిందట. ఛైర్మను ఇంటికొచ్చాడు. 'మీ ఆవిడ పేరివ్వు, నువ్వొచ్చి కూర్చో' అన్నాడు. ఇచ్చాను. మొదటిరోజు తను తయారైంది. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, ఇదిగో ఈ గుమ్మంలో నిలబడింది. 'నువ్వెందుకు, కుట్టుపని ఆగిపోతుంది' అన్నాను. ఆ బట్టలు విప్పి మడతపెట్టి, కుట్టుమిషను ముందు కూర్చుంది."

"సంతకాలు?"

"గడి ఖాళీగా ఉంటే తీర్మానం చెల్లదన్నాడు గుమాస్తా. తనని తీసుకొస్తానన్నాను. 'ఎందుకు, మీరు పెట్టలేరా' అన్నాడు. తన రాత కోడిగీతలు. నాది బోర్డులు రాసే చెయ్యి. పెట్టాను. ఆషామాషీగా పెట్టలేదు, బాగా పెట్టాను. చివర్లో ఒక తోక, పైకి లాగి. 'అమ్మగారి సంతకమే అందరికంటే అందంగా ఉంది' అని నవ్వాడు వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

"బండి తీసేస్తారని ఆవిడకి ముందే తెలుసా?"

"తెలుసు. కుట్టించుకోవడానికొచ్చే ఆడవాళ్ళు చెప్పారు. ఆ రోజు పొద్దున చొక్కా ఇస్తూ అంది. 'బండి పంపిస్తామంటే ఒప్పుకోకండి. నా ఊపిరి సంగతి మీకు తెలుసు కదా' అంది. నీకు ఆవిడ మాట కావాలన్నావుగా. ఇదే ఆ మాట."

"మీరేమన్నారు?"

"చూద్దాంలే అన్నాను."

"మరి అక్కడ..."

"సాసరుతో టీ ఇచ్చారని చెప్పానా లేదా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఇంకడగను."

"అడగాలి. అడిగేవాళ్ళు లేకే ఇంతవరకూ వచ్చింది. ఇప్పుడు రాసుకో. మహిళా ప్రతినిధి సమ్మతించలేదు, ఆవిడ మొగుడు సమ్మతించాడు. ఆ లైను కొట్టేసి ఈ లైను పెట్టు. నా పేరు పెట్టు, బోర్డు మీదంత పెద్ద అక్షరాలతో."

"అది రాస్తే మీ మీద కేసవుతుంది. దొంగ సంతకాలు పెట్టారని."

"అవనీ. జైల్లో అయితే పక్కన మనిషైనా ఉంటాడు. ఏంటి సంచి సర్దుతున్నావు? అప్పుడే లేస్తున్నావా?"

"లేదండీ. మీరిది చెప్పాక మీకొక కాగితం చూపించాలి. పెద్దాఫీసు ఫైల్లో దొరికింది. ఎవరో ఆవిడ పేరు వాడుకుని పెట్టిన అర్జీ అనుకున్నాను. ఆఫీసువాళ్ళూ అలాగే అనుకున్నారు."

"ఏం అర్జీ?"

"చదువుతాను. 'అయ్యా, నేను ఈ ఆసుపత్రి కమిటీలో సభ్యురాలిని. మా అంబులెన్సు తీసేశారు. నేను ఒప్పుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదు. మా వీధిలో నెలలు నిండినవాళ్ళు ఇద్దరున్నారు. ఎదురింటి ముసలాయనకి గుండె జబ్బు. నాకు ఉబ్బసం. దయచేసి బండి తిరిగి పంపండి.' తీర్మానమైన పంతొమ్మిదో రోజు తేదీ వేసి ఉంది."

"ఇటివ్వు."

"కింద ఆఫీసు ముద్ర చూడండి. 'ఈ సంతకం మినిట్సు పుస్తకంలోని పది సంతకాలతో సరిపోలలేదు. అర్జీ తిరస్కరించడమైనది.' ఆ ఉత్తరమే ఆవిడకి పోస్టులో కూడా పంపారు. ఈ రాత ఎవరిదండీ?"

"ఒత్తులు చూడు. అక్షరం కింద ఉండవు, పక్కన పడేస్తుంది. కొలతల పుస్తకంలో కూడా ఇలాగే రాసేది. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే."

"అంటే ఆవిడే రాసింది."

"తనే."

"సంతకం కూడా?"

"అది కూడా. నేను పెట్టిన పదీ అసలువైపోయాయి కదా. తనది చెల్లలేదు."

"మీకు చెప్పలేదా?"

"చెప్పలేదు. పోస్టు వచ్చేవేళకి నేను ఏ గోడెక్కి రాస్తున్నానో."

"ఒక్క ముక్క రాస్తే పోయేది ఆఫీసుకి. ఆ పదీ మా ఆయన పెట్టాడు అని."

"రాస్తే నన్ను పట్టుకుపోయేవాళ్ళు. నువ్వే అన్నావుగా, కేసని."

"అవును."

"మరి."

"ఆ తర్వాత మీతో ఎలా ఉండేవారు?"

"ఎలా ఉంటుంది. అన్నం పెట్టేది. మిషను తొక్కేది. మాట తగ్గించింది. ఆయాసం వల్ల అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా."

"ఆ నోటుపుస్తకం ఒకసారి చూడొచ్చా?"

"కుట్టుమిషను సొరుగులో ఉంది. తీసుకో. జాగ్రత్త, సూదులుంటాయి."

"మొదటి పేజీ మీద పైన పెద్దగా ఒక సంతకం ఉంది. తోకతో. ఇది మీరు పెట్టిందేనా?"

"నాదే. ఒకరోజు అడిగింది. 'నా సంతకం మీరెలా పెడతారో ఒకసారి చూపించండి' అని. ముచ్చటపడి అడిగిందనుకున్నాను. పెట్టిచ్చాను. 'నీకు రాదులే' అన్నాను కూడా."

"దాని కిందంతా ఆవిడ రాసుకున్నవి."

"ఆ. పేజీలకి పేజీలు. చెప్పానుగా, మతి పోయిందని."

"పెయింటరుగారూ, ఫైల్లో ఇంకో అర్జీ ఉంది."

"ఇంకోటా?"

"అవే మాటలు. నెలలు నిండినవాళ్ళు, ఎదురింటి ముసలాయన, ఉబ్బసం. నాలుగు నెలల తర్వాతది. ఇది మాత్రం తీసుకున్నారు. 'సంతకం సరిపోలినది' అని ముద్ర వేశారు. అంబులెన్సు తిరిగి పంపమని ఆర్డరు దీని మీదే వచ్చింది."

"కాదు. బండి నా మూలంగా వచ్చింది. మూడు రోజులు కూర్చున్నాను నేను."

"ఆర్డరు తేదీ చూడండి."

"నా కళ్ళకి ఆనట్లేదు. నువ్వే చెప్పు."

"ఆవిడ పోయిన మర్నాడు. మీరింకా ఆఫీసు ముందు కూర్చోనే లేదు."

"అర్జీ ఎప్పటిది?"

"ఆవిడ పోవడానికి పదకొండు రోజుల ముందుది."

"పదకొండు రోజులు ఏం చేశారు దాన్ని?"

"బల్ల మీంచి బల్ల మీదకి వెళ్ళింది. ఐదు ముద్రలున్నాయి. ఇది మీరు రాసిందనుకున్నాను. ఇంతకుముందు మీరు సంతకాల సంగతి చెబుతుంటే అదే అనుకున్నాను. బండి పోయాక మనసు మార్చుకుని, ఆవిడ పేరు మీద మీరే పెట్టి ఉంటారని. మినిట్సులో ఉన్నట్టే ఉంది చూడండి. తోక కూడా పైకే లాగి ఉంది. మీరు ఒప్పుకుంటే అదీ రాస్తాను, మీకు కాస్త మంచే అవుతుంది. ఇది మీ చెయ్యే కదా?"

"ఆ నోటుపుస్తకం ఇటివ్వు. చివరి పేజీ తియ్యి."

"ఇదిగో."

"అర్జీ దాని పక్కన పెట్టు."

"పెట్టాను. పెయింటరుగారూ? నీళ్ళు తెమ్మంటారా?"

"వద్దు."

"చెప్పండి. ఏం రాయమంటారు?"

"ఇది నా చెయ్యి కాదమ్మా. తన సంతకం తను పెట్టుకోవడానికి, నా రాత దిద్దుకుంది."